గోళ్లరంగు తూటాలు

ఆర్డిత్ ఆ ఇంట్లో అడుగుపెట్టి నాలుగేళ్లయింది గానీ, ఇప్పటికీ ఏ సీసా మూత తియ్యబోయినా ముందు ఫెర్న్ పలకరించేది. ఫెర్న్ అంటే మెరిల్ మొదటి భార్య. పోయి ఆరేళ్లయింది. జామ్ సీసాల మీద ఆవిడ రాతే, విత్తనాల కవర్ల మీద ఆవిడ రాతే, కుట్టుమిషను సొరుగులో బొత్తాల డబ్బా మీద కూడా ఆవిడ రాతే. పెన్సిలుతో, గుండ్రంగా, కాస్త వెనక్కి వాలిన అక్షరాలు. ఊరబెట్టిన బీట్‌రూట్ సీసా ఒకదాని మీద "ఉప్పెక్కువైంది, చుట్టాలకి పెట్టు" అని ఉండేది. అది చదివి ఆర్డిత్ ఒకసారి పకపకా నవ్వింది. నవ్వినందుకు ఆ రోజంతా తన మీద తనకే ఒళ్లుమంట.

అయినా ఒక్క చీటీ కూడా చింపలేదు. అది ఆమె మంచితనం అనుకునేవాడు మెరిల్. పాపం మగవాడు, ఏం తెలుస్తుంది! చింపితే ఎక్కడ కనిపెడతాడోనన్న భయమే తప్ప అందులో మంచితనం చిటికెడు కూడా లేదు.

మెరిల్ గనిలో మెషినిస్టు. మనిషి నెమ్మది, మాట తక్కువ. పని దిగి ఇంటికొస్తే షెడ్డులో లేతు మిషను దగ్గరే కాపురం. ఐడహోలో ఆ లెమ్హై లోయలో మగవాళ్లందరికీ అప్పట్లో అదే పిచ్చి. కంపెనీవాడు చేసిన తుపాకీ కంపెనీవాడు చేసినట్టు ఉంటే వాళ్లకి తోచదు. ఆ ఏడు, అంటే యాభై ఎనిమిదిలో, మెరిల్ తన పాత రైఫిల్‌లో తూటా కూర్చునే చాంబరుని రీమరనే పనిముట్టు పెట్టి లోపల కాస్త వెడల్పుగా కోశాడు. ఇలా కోసిన చాంబరులో మామూలు తూటా పెట్టి పేలిస్తే, ఆ మంటకి ఇత్తడి డొప్ప ఉబ్బి, చాంబరు ఎలా ఉంటే అలా తయారై బయటికొస్తుంది. మెడ కింద ఏటవాలుగా జారిపోయి ఉన్న దాని భుజం నిక్కి నిలబడుతుంది. ఇక ఆ డొప్పలో తుపాకీమందు ఇదివరకటికంటే కాస్త ఎక్కువ పడుతుంది. ఆ "కాస్త" కోసమే వీళ్ల చలికాలాలన్నీ ఖర్చయిపోయేవి.

డొప్పల్ని ఇలా పేల్చి మలచడాన్ని వాళ్లు ఫార్మింగ్ అనేవాళ్లు. దానికి మెరిల్ దగ్గర ఒక సూత్రం ఉంది. ఆర్డిత్‌కి తుపాకీ పట్టడం నేర్పిన రోజునించీ కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటాడు.

"ఫార్మింగ్‌కి మంచి సరుకు తగలెయ్యకూడదు, ఆర్డిత్. మూలన పడున్న పాత తూటాలు వాడాలి. గుండు ఏ గట్టుకి తగిలితే మనకేంటి? కావాల్సింది డొప్ప."

ఇంకో సూత్రం కూడా ఉంది. పేలకుండా మొరాయించిన తూటా ఇంట్లో ఉంచకూడదు. షెడ్డు వెనక నూనె డబ్బాలో వెయ్యాలి. నూనె లోపలికి దిగి మందుని చంపేస్తుంది. ఈ రెండు సూత్రాలూ గుర్తుపెట్టుకుంటే చాలు, ఈ కథలో ఇంకేం పెద్ద విద్యలు లేవు.

ఆగస్టులో కొండల మీద అడవి అంటుకుంది. పంపులూ ట్రక్కులూ బాగుచెయ్యడానికి మెరిల్‌ని శిబిరానికి తీసుకుపోయారు. నాలుగు వారాలని చెప్పి ఆరు వారాలు చేశారు. అక్కణ్ణించి ఉత్తరం రాశాడు. ఒళ్లంతా పొగకంపు అనీ, తిండి రోజూ చిక్కుడుగింజలే అనీ, అక్టోబరులో వేట సీజను మొదలయ్యేలోపు డొప్పలు ఫార్మ్ చెయ్యడానికి టైం దొరికేట్టు లేదనీ. ఆ ఏడే మొదటిసారి ఆర్డిత్ కూడా తన పేరున జింక పర్మిట్టు తీసుకుంది. ఇద్దరూ ఒకే రైఫిల్‌తో వంతులవారీగా వెళదామని అనుకున్నారు.

"నేనే చేసి పెట్టేస్తే?" అనుకుంది ఆర్డిత్. ఆ ఆలోచన నిజంగా మంచిదే. అంతవరకూ ఆమెని తప్పుపట్టడానికేం లేదు.

షెడ్డులో అరమీద సీలు విప్పని కంపెనీ పెట్టెలు రెండున్నాయి. వాటి వెనక, గోడకి ఆనుకుని, జున్ను పెట్టుకునే పాత చెక్కపెట్టె ఒకటి. మూత తీస్తే లోపల వరసగా తూటాలు. ఒక్కోదాని అడుగున, నిప్పు రాజేసే ప్రైమరు చుట్టూ, సన్నగా ఎర్రటి గీత. తేమ దిగకుండా గోళ్లరంగు పూశారు. మూత లోపల అతికించిన చీటీ: "ఇవి నావి. డబ్బాల మీద కాల్చి తగలెయ్యకు, మెరిల్. — ఫెర్న్."

గోళ్లరంగు సంగతి ఆర్డిత్‌కి తెలుసు. పెళ్లయిన కొత్తలో మెరిలే నవ్వుతూ చెప్పాడు. ఫెర్న్ జన్మలో గోళ్లకి రంగు వేసుకోలేదట, ఆ సీసా కొన్నది తూటాలకేనట. చెప్పి, నవ్వి, తర్వాత చాలాసేపు ఊరికే కూర్చున్నాడు.

ఆర్డిత్ చీటీ రెండుసార్లు చదివింది. పాతవే వాడాలి, కొత్తవి దాచాలి. సూత్రం మెరిల్‌దే. లెక్కపెడితే ముప్పై ఎనిమిదున్నాయి. పెట్టె చంకనపెట్టుకుని, రైఫిల్ తీసుకుని, షెడ్డు వెనక మట్టిగట్టు ఎదురుగా ఉన్న బల్ల దగ్గరికి నడిచింది. సెప్టెంబరు ఎండ వెచ్చగా ఉంది. వాగు ఒడ్డున ఆకులు పచ్చబడటం మొదలైంది.

మొదటిది పేల్చింది. భుజానికి తగిలీ తగలనట్టు తగిలింది. మెరిల్ చేసే తూటాలు గాడిద తన్నినట్టు తన్నేవి. ఇవి మెత్తగా నెట్టాయంతే. బోల్టు లాగితే డొప్ప చేతిలోకొచ్చింది, వేడివేడిగా, నిక్కిన భుజంతో, కొత్తగా. భలే ముచ్చటేసింది. రెండోది పేల్చింది. మూడోది. నాలుగోదానికల్లా ఆమెకొక సంగతి అర్థమైంది. తనకిది హాయిగా ఉంది. డొప్పలు తయారవుతున్నందుకు కాదు. ఒక్కోటి పేలినప్పుడల్లా ఇంట్లోంచి ఒక్కో చీటీ ఊడి పడిపోతున్నట్టు ఉంది. ఆవిడ రాతకి చెయ్యి వెయ్యలేకపోయిన మనిషికి, ఇన్నాళ్లకి ఆవిడదేదో అవగొట్టే దారి దొరికింది. అదీ మొగుడి సూత్రం ప్రకారమే, ఎవరూ వేలెత్తి చూపలేకుండా.

పదకొండు తూటాలు అయ్యేసరికి ట్రక్కు చప్పుడైంది. ఓటిస్ వచ్చాడు. ఊళ్లో తుపాకులు బాగుచేసే ముసలాయన. రీమరు ఆయనదే.

"ఏంటమ్మాయ్, యుద్ధంగానీ మొదలెట్టావా? రోడ్డు దాకా మోగిపోతోంది!"

"మెరిల్ వచ్చేలోపు డొప్పలు చేసేద్దామని, ఓటిస్. రీమరుకోసం వచ్చారా? బల్లమీద నూనెగుడ్డలో చుట్టి పెట్టాడు చూడండి."

"దానికేం కాళ్లొచ్చాయా పోడానికి? ఉండు, చూడనీ." గట్టు మీదికి కళ్లు చిట్లించి చూశాడు. "ఓర్నీ! అన్నీ ఒకచోటే పడుతున్నాయే. మీ ఆయనకంటే నువ్వే నయం. వాడితో అనకు, తిండి మానేస్తాడు."

"మీరు నేర్పితే ఆయనా బాగుపడేవాడేమో!"

"వాడికి నేర్పడం నావల్ల కాలేదమ్మా. ఒకళ్ల మాట విన్నాడూ అంటే అది ఫెర్న్..." అంటూ పెట్టెలోంచి ఒక తూటా తీశాడు ఓటిస్. తిరగేశాడు. అడుగున ఎర్రగీత చూశాడు. నవ్వు ఆగిపోయింది. "ఇవి ఆవిడ చేసినవి కదూ?"

"ఫార్మింగ్‌కి పాతవే వాడమంటాడు కదా మెరిల్ ఎప్పుడూ," అంది ఆర్డిత్. గొంతు తను అనుకున్నదానికంటే పెద్దదిగా వచ్చింది.

"అంటాడు. అనడమైతే అంటాడు." తూటాని జాగ్రత్తగా దాని చోట్లో పెట్టేశాడు. "ఇంకా ఎన్నున్నాయి?"

"ఇరవై ఏడు."

"ఊఁ."

రీమరు తీసుకుని వెళ్లాడు. ట్రక్కు తలుపు పట్టుకుని ఒకసారి వెనక్కి చూశాడు. ఏమైనా అంటాడేమో, అంటే ఆపేద్దాం అని ఆర్డిత్ నిజంగానే ఎదురుచూసింది. ఆయన ఇంకొకరి కాపురంలో వేలు పెట్టే రకం కాదు. ట్రక్కు వెళ్లిపోయింది.

అప్పుడైనా ఆగచ్చు. ఇరవై ఏడున్నాయి. ఆర్డిత్ ఆగలేదు. ఆగితే ఇందాకటి పదకొండూ తప్పని ఒప్పుకున్నట్టే. అందుకని మిగిలినవి ఇంకా తొందర తొందరగా కాల్చింది. హాయి అనేది ఓటిస్‌తోపాటే వెళ్లిపోయింది, మొండితనం ఒక్కటే మిగిలింది. మూడు డొప్పలు భుజం దగ్గర చిట్లాయి, వాటిని అవతల పారేసింది. చివరినించి రెండోది పేలలేదు. ట్రిగ్గరు నొక్కితే టక్కుమని ఊరుకుంది. గట్టువైపే గురిపెట్టి అరవై లెక్కపెట్టింది, నేర్పినట్టే. తీసి చూస్తే ప్రైమరు మధ్యలో గుంట పడింది గానీ చుట్టూ ఎర్రగీత చెక్కుచెదరలేదు. దాన్ని తీసుకెళ్లి నూనె డబ్బాలో వేసింది, అదీ నేర్పినట్టే. బుడుంగున మునిగింది.

మెరిల్ నెలాఖరుకి వచ్చాడు, సగమైపోయి, కనుబొమలు కాలిపోయి. స్నానం చేసి తిన్నాక కళ్లు మూయించి షెడ్డులోకి తీసుకెళ్లింది. వెనిగర్‌లో కడిగి మెరిపించిన ముప్పై నాలుగు డొప్పలు, చిల్లుల పలకలో వరసగా నిలబెట్టి ఉన్నాయి.

"ఓరి దేవుడా! ఓటిస్ చేశాడా?"

"ఓటిస్ మొహం! నేనే."

మెరిల్ అమాంతం ఆమెని ఎత్తుకున్నాడు. నాలుగేళ్లలో ఎప్పుడూ అలా ఎత్తుకోలేదు. దించి, ఒక డొప్ప చేతిలోకి తీసుకుని, వెలుగులో భుజం చూసి, "అద్దంలా ఉంది" అన్నాడు. అని, అలవాటుకొద్దీ తిరగేసి అడుగు చూశాడు. బొటనవేలు ఎర్రగీత మీదే ఆగిపోయింది.

"ఏవి వాడావు?" అన్నాడు, మెల్లిగా.

"వెనక చెక్కపెట్టెలో ఉన్నాయిగా, ఆ పాతవి. కొత్త పెట్టెలు ముట్టుకోలేదు. నువ్వు చెప్పినట్టే."

"అవును. చెప్పానుగా."

"ఎందుకు? ఏమన్నా..."

"ఏం లేదు. బాగా చేశావు."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేక, ఎవరూ అడగని అబద్ధం ఒకటి ఆడింది ఆర్డిత్. "మూతమీద ఏదో రాసినట్టుంది గానీ, చెరిగిపోయింది, ఏం తెలీలేదు."

మూత అక్కడే బల్లమీద వెల్లకిలా ఉంది. అక్షరాలు నిన్న రాసినంత స్పష్టంగా ఉన్నాయి. మెరిల్ దానివైపు చూశాడు, ఆమెవైపు చూశాడు.

"ఆ మూల చీకటిగా ఉంటుందిలే," అన్నాడు.

ఆమె అబద్ధానికి అతనే చెయ్యి అందించి నిలబెట్టాడు. ఆర్డిత్‌కి తల కొట్టేసినంత పనైంది. ఆ తర్వాత పది రోజులూ మెరిల్ ఎప్పటిలాగే ఉన్నాడు, కాఫీ ఎప్పటిలాగే రెండోసారి అడిగి పోయించుకున్నాడు. అదే ఆమెకి ఎక్కువ నరకమైంది.

సీజను ఇంకో వారం ఉందనగా, మెరిల్ కొత్త తూటాలు తయారుచేశాడు. ఫార్మ్ చేసిన డొప్పల్లో, ఆ "కాస్త" ఎక్కువ మందుతో. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ గట్టు దగ్గరికి వెళ్లారు. ఆర్డిత్ మొదటిది పేల్చేసరికి భుజం ఊడినంత పనైంది. పళ్ల బిగువున నాలుగు కాల్చింది. ఐదోది పేలకముందే కళ్లు మూసుకుపోతున్నాయి. గుండు గట్టు దాటి పోయింది.

"ఆపు, ఆపు. ఏదీ, చూడనీ." మెరిల్ ఆమె చొక్కా కాస్త పక్కకి లాగి చూశాడు. భుజం కమిలి నల్లబడింది. వాగు నీళ్లలో రుమాలు తడిపి తెచ్చి వేశాడు. "నాదే బుద్ధితక్కువ. ఇంత సన్నటి భుజానికి అంత పోస్తారా ఎవరైనా?"

"పర్లేదులే. అలవాటవుతుంది."

"ఫెర్న్‌వి ఇలా తన్నలేదు, కదూ?"

ఆ పేరు అతని నోట రావడం పది రోజుల్లో అదే మొదటిసారి. ఆర్డిత్ తల వంచుకుని, లేదంది.

"ఆవిడదీ నీలాంటి భుజమే," అన్నాడు మెరిల్. గట్టువైపు చూస్తూ చెప్పాడు, మాటలు ఏరుకుంటూ. "తనకని తేలిగ్గా చేసుకుంది. నలభై చేసి, ఆ సీజనులో రెండే కాల్చింది. తర్వాత మంచం పట్టి లేవలేదు. మిగతావి నీకిద్దామనుకున్నా ఆర్డిత్. ఈ ఏడు నీ మొదటి సీజను కదా."

"నాకా?"

"వేరే రకంగా చాంబరు కోసుంటే అవి పనికిరాకుండా పోయేవి. ఇదైతే పాతవీ పేల్తాయి. అందుకే ఇది కోశా."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? పోయినావిడ వస్తువు నీ చేతిలో పెడితే నువ్వేమనుకుంటావో అని. ఎలా మొదలెట్టాలో తెలీక, శిబిరంలో ఆరు వారాలూ అదే ఆలోచించా. వచ్చాక చెబుదాంలే అనుకున్నా."

ఆర్డిత్‌కి ఇక దాచుకోవడానికి ఒంట్లో ఎక్కడా చోటు లేదు.

"నేను చదివాను, మెరిల్. మూతమీదిది."

"తెలుసు."

"రంగు కూడా చూశాను. ప్రతిదాని మీదా చూశాను. ఎవరివో తెలిసే కాల్చాను." ఊపిరి పీల్చుకుంది. "కాలుస్తుంటే నాకు బాగుంది."

రుమాల్లోంచి నీళ్లు ఆమె మోచేతి మీదుగా కారుతున్నాయి.

"చివరిదాకానా?" అన్నాడు ఆఖరికి.

"ఓటిస్ వచ్చి అడిగేదాకా. ఆ తర్వాత బాలేదు. అయినా ఆపలేదు."

అతను తల ఊపాడు. కోప్పడతాడని ఎదురుచూసింది. అతను ఇంకేదో ఆలోచిస్తున్నాడు.

"నీకు అలాంటివే చేసి ఇద్దునుగానీ," అన్నాడు, "ఎంత మందు పోసేదో నాకు తెలీదు. ఇంట్లో బొత్తాల డబ్బాతో సహా అన్నిటిమీదా రాసింది. అదొక్కటే ఎక్కడా రాయలేదు. అడిగితే 'నా వంటకం నీకెందుకు' అనేది. ఒక్కటి మిగిలున్నా విప్పి, తూచి చూసేవాణ్ణి."

"ఒకటుంది!" ఆర్డిత్ లేచి నిలబడింది. "ఒకటి పేలలేదు!"

అతని మొహం వెలిగిన వెలుగు చూసి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఒక్క క్షణమే.

"ఎక్కడుంది?"

"నూనె డబ్బాలో."

ఇద్దరూ పరిగెత్తినంత పనిచేశారు. మెరిల్ చొక్కా చెయ్యి పైకి తోసి డబ్బాలో మోచేతిదాకా ముంచాడు. కెలికి, వెతికి, పైకి తీశాడు. గుడ్డతో తుడిచాడు. అడుగున ఎర్రగీత అలాగే ఉంది, ఎక్కడా పెచ్చు కూడా లేవలేదు.

"రంగు ఉందిగా," అంది ఆర్డిత్. "నూనె దిగి ఉండదు. కదా? దిగకూడదనేగా ఆవిడ పూసింది?"

మెరిల్ దాన్ని షెడ్డులోకి తీసుకెళ్లి, తూటాలు చేసే ప్రెస్సులో బిగించి, గుండుని మెల్లగా పైకి లాగాడు. దేవుడంటే అంతగా నమ్మకం లేని ఆర్డిత్, ఆ నిమిషంలో దేవుడితోపాటు ఫెర్న్‌ని కూడా వేడుకుంది. ఈ ఒక్కటీ ఉండనియ్యి అని.

అడుగున రంగు పూసి బిగించింది గానీ, పైన గుండు కూర్చునే మెడ దగ్గర ఫెర్న్ ఏమీ పూయలేదు. నాలుగు వారాల్లో నూనె అటునించి దిగింది. మెరిల్ తూటాని వంచి తట్టాడు. పొడిగా రాలాల్సిన మందు ముద్దముద్దగా, నల్లగా, త్రాసు పళ్లెంలోకి జారింది. కొంత డొప్ప గోడలకే అంటుకుపోయింది. అగ్గిపుల్లతో గీకి అదీ వేశాడు.

"ఆరబెడితే?" అంది ఆర్డిత్.

"ఆరదు. ఇందులో నూనెంతో, మందెంతో ఎవరు చెప్తారు?"

చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"నీ తప్పేం లేదు," అన్నాడు. "పాతవి వాడమన్నా, వాడావు. పేలనిది నూనెలో వెయ్యమన్నా, వేశావు. అన్నీ నేను చెప్పినట్టే చేశావు."

ఒక్క మాట తిట్టినా బాగుండేది. తిట్టలేదు. చెప్పినదాంట్లో ఒక్క ముక్కైనా అబద్ధం లేదు, అందుకే అది ఆర్డిత్‌కి చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. అతను ఇంట్లోకి వెళ్లిపోయాడు. వంటింట్లో నీళ్ల చప్పుడు వినిపించింది.

ఆర్డిత్ ఒక్కతే బల్ల దగ్గర మిగిలింది. పనికిరాదని తెలిసీ త్రాసు కమ్మీ మీద బరువుని కొంచెం కొంచెంగా జరుపుతూ పోయింది. కమ్మీ ఊగి, ఊగి, సరిగ్గా మధ్యకొచ్చి నిలబడింది. అక్కడున్న అంకె చదివింది. పక్కన పెన్సిలు ఉంది, ఖాళీ చెక్కపెట్టె ఉంది, మూతమీద "ఇవి నావి" కింద కావలసినంత చోటూ ఉంది. పెన్సిలు ముట్టుకోలేదు. రాసుకోకపోయినా ఆ అంకె చచ్చేదాకా ఆమెకి గుర్తుంది. దేనికీ పనికిరాని అంకె.